వరుసలో నిలిచిన మాటలు

నూకరత్నం లోపల మాట్లాడుతోందన్న సంగతిని మొట్టమొదట బయటపెట్టింది కంప్యూటరు తెర మీద ఓ మూలన ఉండే చిన్న అంకె. దాన్ని పట్టించుకున్న మనిషి ఇందుమతి.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక ఉప్పుటేటి గట్టున ఉన్న సాగరిక నాడీ పరిశోధనాలయంలో ఇందుమతి ప్రోగ్రామరు. అందరూ తెల్లకోట్లు వేసుకు తిరిగేచోట ఆమె ఒక్కతే నేతచీరలో కనిపించేది. అందుకని రోగుల తాలూకు బంధువులు ఆమెనే పట్టుకుని క్యాంటీన్ ఎటు, లిఫ్టు ఎటు అని అడిగేవారు. విసుక్కోకుండా చెప్పి పంపేది. తనను ఎవరూ డాక్టరనుకోకపోవడం ఆమెకు హాయిగానే ఉండేది.

నూకరత్నం హార్బర్లో చేపల పాట పాడే మనిషి. పాట అంటే వేలం. తెల్లారి పడవలు ఒడ్డుకు చేరాక గంపలు వరుసగా పేర్చి, వాటి ముందు నిలబడి ఆమె గొంతెత్తిందంటే, ఐసు కొట్టేవాళ్లు కూడా సుత్తి ఆపి వినేవారట. అలాంటి మనిషి ఓ పొద్దున పాట మధ్యలోనే కూలిపోయింది. మెదడు కాడలో రక్తం గడ్డకట్టింది. కాలు కదలదు, చెయ్యి కదలదు, రెప్ప కూడా తన మాట వినదు. చూసిన డాక్టర్లంతా లోపల ఏమీ మిగల్లేదన్నారు. ఒక్క యజ్ఞేశ్వరరావుగారికే అనుమానం ఉండిపోయింది. పరిశోధనాలయం పెద్ద ఆయనే. నూకరత్నం భర్త ధనరాజును కూర్చోబెట్టి విడమరచి చెప్పి, ఒప్పించి, ఆమె మెదడులో మాట తయారయ్యేచోట బియ్యపుగింజంత పరికరం ఒకటి అమర్చారు.

ఆ గింజ చేసే పని చిన్నదే. ఆమె ఏదన్నా అనబోయినప్పుడల్లా నరాల్లో పుట్టే కదలికను పొట్లం కట్టి బయటికి పంపుతుంది. పొట్లం విప్పి, కదలికను మాటగా మార్చి పలికే పెట్టె మాత్రం అప్పటికింకా తయారు కాలేదు. పంపేవాడున్నాడు, పుచ్చుకునేవాడు లేడు. ఆ మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా అని ఇందుమతి సందేశాల వరుసను నడిపే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చి పెట్టింది. బ్యాంకుల్లోనూ రైల్వేల్లోనూ ఎన్నో ఏళ్లుగా నలిగిన పాత సరుకే అది. ఇచ్చేవాడు ఇచ్చి తన దారిన పోతాడు. పుచ్చుకునేవాడు రేపొస్తాడో, ఏడాదికొస్తాడో వాడిష్టం. అప్పటిదాకా వచ్చిన సందేశాన్ని వచ్చిన క్రమంలో, ఒక్కటి పోకుండా, ఒక్కటి తారుమారు కాకుండా అది కాపలా కాస్తుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే సమయంలో మేలుకుని ఉండక్కర్లేదు. ఇందుమతికి ఈ సాఫ్ట్‌వేరంటే మొదటినుంచీ ఒక గౌరవం.

వరుసలో ఎన్ని పొట్లాలు ఆగి ఉన్నాయో చెప్పేదే ఆ మూలనున్న అంకె. పరికరం పెట్టిన రోజున అది సున్నా. ఇందుమతి టీ తాగి వచ్చేసరికి సున్నా కాదు. తీగల్లో ఏదో చికాకు అనుకుంది. మర్నాడూ పెరిగింది. అప్పుడు అంకెతోపాటు నూకరత్నం గదినీ చూడటం మొదలుపెట్టింది. నూకరత్నం నిద్రపోతున్నంతసేపూ అంకె కదలడం లేదు. నర్సు వస్తే ఒకటో రెండో పెరుగుతోంది. కూతురు లోవలక్ష్మి తలుపు తీసుకుని లోపలికి రాగానే మాత్రం పరుగే పరుగు.

ఇందుమతి కుర్చీలోంచి లేచి వెళ్లి యజ్ఞేశ్వరరావుగారి గది తలుపు తట్టకుండానే తోసేసింది. “సర్, ఆవిడ కూతురితో మాట్లాడుతోంది” అంది. చెబుతుంటే కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన ఆమెను కూర్చోమనడం మరచిపోయి, తానే కుర్చీ తెచ్చుకుని ఆ తెర ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు.

తర్వాత నెలలు గడిచాయి. వేసవి పోయి వానలు పట్టాయి. నూకరత్నం కళ్లు కాస్త కదలడం మొదలైంది. పైకి చూస్తే అవును, పక్కకు చూస్తే కాదు అని అలవాటు చేశారు. అంతకుమించి చెప్పే వీలు ఆమెకు లేదు. పలుకుపెట్టె మాత్రం తయారవుతూనే ఉంది, వరుస పెరుగుతూనే ఉంది.

* * *

పెట్టె చేసే కంపెనీవాళ్లు దాన్ని తెచ్చి బల్లమీద పెట్టిన రోజున ఇందుమతి ఒక తప్పు చేసింది. పెట్టె వరుసకు తగులుకుంటుందో లేదో చూడాలి. అందుకు ఉత్తుత్తి సందేశాలు నింపిన వేరే వరుస ఉంది. పేర్లు రెండూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఉత్సాహంలో ఆమె అసలు వరుస పేరు కొట్టింది.

పెట్టె ఆడదీ మగదీ కాని గొంతుతో, ఊపు లేకుండా పలికింది: “కాలి మీద ఈగ వాలింది. ఎవరన్నా తోలండమ్మా.”

ఇందుమతి తీగ లాగేసింది. తెర మీద చూస్తే అంకె ఒకటి తగ్గింది. వరుసకు తగులుకోవడానికి కంపెనీవాళ్లు వాడిన ఇంటర్‌ఫేసు తీరే అంత. సందేశం అందుకోగానే ముట్టిందని తనంతట తనే చెప్పేస్తుంది. ముట్టిందనగానే వరుస దాన్ని వదిలేస్తుంది. ఇక తిరిగి పెట్టడమంటూ ఉండదు. సందేశం మీద ఉన్న తేదీ ఏప్రిల్ నాటిది. ఆ ఈగ ఎప్పుడో పోయింది. అడిగిన మనిషి మాత్రం గోడకవతల మంచం మీదే ఉంది, ఎవరూ తోలలేదన్న సంగతి ఆవిడకే తెలుసు. తనది కాని మాట వినేసినందుకు ఇందుమతికి సిగ్గేసింది.

ఈ పెట్టెను ఇలాగే తగిలిస్తే ఏమవుతుందో ఆమెకు అప్పుడు బోధపడింది. నూకరత్నం కొత్తగా ఏం చెప్పబోయినా ముందు పాతవన్నీ వరుసగా బయటికొస్తాయి. అందరూ చుట్టూ మూగి ఉన్న గదిలో, ఎవరూ వినడం లేదనుకుని నెలల తరబడి అనుకున్నవన్నీ వస్తాయి.

* * *

పెట్టె వచ్చిందని తెలిసి ధనరాజు ఆ మధ్యాహ్నమే ఇందుమతిని వరండాలో పట్టుకున్నాడు. సముద్రం మీద ఎండిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తువ్వాలు మెలిపెడుతున్నాడు.

“మేడంగారండి, ఆ పెట్టెలోంచి పాతయ్యన్నీ వత్తాయంటగదండి.”

“ఇంకా ఏం తేల్చలేదండి.”

“రానియ్యండి. నాకు ఒక్కటే కావాలండి. ఒకరోజుదే.” అతను గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఎండాకాలంలోనండి. దానికి ఈపంతా పుళ్లు పడిపోయాయి. డాక్టరుగారు అంకె సూపించి లోపల మనిషుందన్నారు. అంకెని నమ్ముకుని ఎన్నాళ్లు కూకుంటానండి? ఇంకా అప్పటికి కళ్లు కూడా తిప్పట్లేదు కదండి. మంచం కాడ కూకుని, దీన్ని తీసుకుపోరాదా దేవుడా, ఇంకా ఎందుకుంచావు అన్నానండి. పైకే అన్నాను. అప్పుడు మీ అంకె పెరిగిందాండి?”

“చూడాలండి” అంది ఇందుమతి, అది ఏ రోజో అడిగి తెలుసుకుని. తన సీటు దగ్గరికి వచ్చి అతను చెప్పిన రోజును వెతికింది. సందేశం లోపల ఏముందో విప్పకుండానే, ఎప్పుడొచ్చిందో చూడొచ్చు. ఆ మధ్యాహ్నం అతను గదిలో ఉన్న సమయంలో అంకె పెరిగింది. ఒక్కటే పెరిగింది. ఆ రోజుకు మరి లేవు.

బయటికి వెళ్లి అతనికి ఏం చెప్పాలో తోచక, పని చెయ్యలేదండీ ఆ రోజు కంప్యూటరు అని అబద్ధమాడింది. అతను నమ్మినట్టే తలూపాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

* * *

“పాతవన్నీ తుడిచేద్దాం” అన్నారు యజ్ఞేశ్వరరావుగారు, మీటింగులో. “కఠినంగా అంటున్నాననుకోకు ఇందుమతీ. గడువు తీరిన మాటలవి. వాటిని తీసేస్తే దారి శుభ్రం. కంపెనీవాళ్ల ఇంటర్‌ఫేసు అందరికీ తెలిసింది, ఏ వరుసకైనా తగులుకుంటుంది. ఇవాళ ఇక్కడ, రేపు వరంగల్లో, ఎల్లుండి తిరుపతిలో అదే ప్రోగ్రాము నడుస్తుంది. ఇలాగే పడుకుని ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు కదా.”

“తెలుసు సర్. కానీ అవి ఆవిడ మాటలు.”

“అయితే ఆవిణ్ణే అడుగుదాం.”

అందరూ గదిలోకి వెళ్లారు. డాక్టరుగారు మంచం మీదకు వంగి, ఒక్కొక్క పదమూ విడదీసి అడిగారు. “నూకరత్నంగారూ, మీరు ఇన్నాళ్లూ లోపల అనుకున్న మాటలన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. అవి అందరికీ వినిపించమంటారా?”

నూకరత్నం చూపు పక్కకు తిరిగింది. కాదు.

“మరి తుడిచేయమంటారా?”

చూపు మళ్లీ పక్కకే తిరిగింది.

మళ్లీ అడిగారు. మళ్లీ అదే. డాక్టరుగారు వంచిన నడుం ఎత్తి నిట్టూర్చారు. “అలిసిపోయినట్టుంది. జవాబు సరిగా రావట్లేదు” అన్నారు.

ఇందుమతి మాత్రం నూకరత్నం కళ్లలోకే చూస్తోంది. అలసట లేదక్కడ. బేరం తెగని మనిషి ఎలా చూస్తుందో అలా చూస్తోంది ఆవిడ. “జవాబు బాగానే వచ్చింది సర్” అంది ఇందుమతి. “మనమే ఇంకా సరైన ప్రశ్న వెయ్యలేదు.”

ఏమిటా ప్రశ్న అనేది ఆమెకూ ఇంకా తెలియదు.

* * *

ఆ ప్రశ్న దొరికింది హార్బర్లో. పెట్టెకు నూకరత్నం సొంత గొంతు కట్టాలంటే పాత రికార్డింగులు కావాలి. ఆమె పాట పాడుతుంటే వ్యాపారులు ఫోన్లలో తీసిన వీడియోలు చాలామంది దగ్గరున్నాయని లోవలక్ష్మి చెప్పింది. వాటిని పోగు చెయ్యడానికి ఇందుమతి ఓ పొద్దున చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఐసునీళ్లలో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది.

తల్లి స్థానంలో ఇప్పుడు పాట లోవలక్ష్మిదే. డిగ్రీ అయిపోయిన పిల్ల, బక్కపలచని మనిషి, గొంతు మాత్రం వాళ్లమ్మదే. చందువ చేపల గంప ఒకటి పాటకొచ్చింది. ధర ఎగబాకింది. లోవలక్ష్మి “ఒకటోసారీ” అంది, “రెండోసారీ” అంది. ఈలోగా లావుపాటి వ్యాపారి ఒకాయన ఇక తనదే కదా అని గంప ఎత్తేసుకున్నాడు.

“గంప దింపు బాబాయ్” అంది లోవలక్ష్మి.

“నాకే కదే పాడింది.”

“మూడోసారి నేనన్లేదు. దింపు.”

ఆయన గొణుక్కుంటూ గంపను వరుస చివర పడేశాడు. “అక్కడ కాదు, దాని చోట్లో పెట్టు” అంది ఆ పిల్ల. ఆయన మళ్లీ ఎత్తి, తీసినచోటే పెట్టి, “మీ అమ్మే నయం తల్లీ” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గంప తన చోటికి చేరాకే పాట మళ్లీ సాగింది.

పాట అయ్యాక లోవలక్ష్మి చేతులు కడుక్కుంటూ ఇందుమతికి చెప్పింది. “మా అమ్మ పద్ధతండి ఇది. ఎత్తి సూసుకోవచ్చు, మొప్ప తీసి సూసుకోవచ్చు, వాసన సూసుకోవచ్చు. ఎంత సూసినా సరే, మూడోసారి అన్నదాకా గంప పడవోళ్లదే. వద్దనుకుంటే దాని చోటుకి అది ఎల్లిపోవాల. చివరకి నెట్టేత్తే ఐసు కరిగి చేప పాడైపోద్ది కదండి.”

ఇందుమతికి మంచం దగ్గర అడిగిన ఆ రెండు ప్రశ్నలు గుర్తొచ్చాయి. నూకరత్నం రెండుసార్లు కాదంది. అమ్ముతావా అంటే కాదు, పారేస్తావా అంటే కాదు. ముందు నన్ను చూసుకోనివ్వండి అంటోంది ఆవిడ. తన గంపలు తానే విప్పి చూసుకుని, ఏది ఎవరికివ్వాలో, ఏది పారెయ్యాలో, ఏది అలాగే ఉంచుకోవాలో తానే చెప్పాలి. ఆవిడ ఇల్లు గడిచిన పద్ధతే అది.

“లోవా, మీ అమ్మ చాలా గొప్ప మనిషి” అంది ఇందుమతి.

“మొండి మనిషండి” అంది లోవలక్ష్మి, సంతోషంగా.

* * *

అలా చూసుకోనిచ్చే ఇంటర్‌ఫేసు లేకపోలేదు. ఆ వరుస సాఫ్ట్‌వేరును మొదట రాసినవాళ్లు దానితోపాటే ఇచ్చిన పాత ఇంటర్‌ఫేసు అది. అందరికీ తెలిసిన కొత్తదాంట్లోనూ వరుసను తొంగిచూడొచ్చు. కానీ చూడటం ఒక తోవ, తీయడం ఇంకో తోవ. చూసినదాన్నే, మధ్యలో ఉన్నదాన్నే, మిగతావి చెదరకుండా పట్టుకుని తీయడం దాంతో అయ్యే పని కాదు. పాతదాంట్లో అవుతుంది. వరుస మీద వేలు పెట్టినట్టు ఒక్కొక్క సందేశం దగ్గరా ఆగొచ్చు. చదివి, వదిలేసి ముందుకు పోవచ్చు. కావాలంటే ఆ వేలికిందున్నదాన్నే తీయొచ్చు. తీశాక కూడా ఖాయం అని చెప్పేదాకా అది వరుసదే. వద్దంటే తన చోటికి తాను పోతుంది. అయితే రాయడం మహా చాకిరీ. ప్రతి చిన్న సంగతీ మనమే చెప్పుకోవాలి. పైగా ఈ ఒక్క సాఫ్ట్‌వేరుతో తప్ప ఇంకో దాంతో పనికిరాదు.

“అంటే వరంగల్ వాళ్లకు నువ్వు రాసింది పనికిరాదు” అన్నారు యజ్ఞేశ్వరరావుగారు.

“రెండూ వాడదాం సర్. వరుస ఎలాగూ మధ్యలో ఉంది కదా, ఎవరు ఏ ఇంటర్‌ఫేసుతో వచ్చి తగులుకున్నా దానికి పట్టింపు లేదు. ఇకముందు ఆవిడ మాట్లాడేవాటికి కొత్త వరుస ఒకటి తెరుద్దాం, దానికి అందరికీ తెలిసిన ఇంటర్‌ఫేసు. అది వరంగల్‌కైనా తిరుపతికైనా పోతుంది. పాత మాటలకు మాత్రం పాత ఇంటర్‌ఫేసు. ఒక్కొక్క మాటా ఆవిడ చెవి వెనకాల ఎముకకు ఆనించిన స్పీకర్లో, ఆవిడకొక్కదానికే రెండుసార్లు వినిపిస్తుంది. ఆ తర్వాత ఆవిడ పైకి చూస్తే అది బయటికి వినిపిస్తుంది, పక్కకు చూస్తే చెరిగిపోతుంది. ఎటూ చూడకపోతే మాట ఎక్కడిదక్కడే.”

“వరుస మార్చాలన్నా, చెవి దగ్గర నీ స్పీకరు తగిలించాలన్నా తలలో పరికరాన్ని ఆపాలి. ఆపడం ఒక్కసారికే నేను ఒప్పుకుంటాను. నీ రెండో ప్రోగ్రాము తయారయ్యేదాకా కొత్త వరుస కూడా తెరవలేం. ఇంకో నెలన్నర ఆవిడ నోరు కట్టేసినట్టే కదా?”

“అదీ ఆవిణ్ణే అడుగుదాం సర్” అంది ఇందుమతి. మళ్లీ మంచం దగ్గరికే వెళ్లారు. ఈసారి ఇందుమతే అడిగింది. గంపలు మీరే విప్పి చూసుకునేలా చేస్తానండి, మూడోసారి మీరే అందురుగాని, కాకపోతే ఇంకొన్నాళ్లు ఆగాలి, ఆగుతారా అంది. ప్రశ్న పూర్తి కాకముందే నూకరత్నం చూపు పైకి లేచింది. లేచి అక్కడే నిలబడింది, మళ్లీ ఎవరూ అడగకుండా.

డాక్టరుగారు బయటికొచ్చారు. వరండాలో ఆగి, “నువ్వు రాస్తావు సరే. నువ్వు లేనప్పుడు ఎవరు చూస్తారు?” అన్నారు.

“మీరు నేర్చుకోండి సర్.”

ఆయన నవ్వేశారు. కానీ మర్నాడు నిజంగానే కళ్లజోడు సవరించుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

ఆ వారాల్లో ఇందుమతికి ఇల్లు ఉన్నదన్న ధ్యాసే సగం పోయింది. పొయ్యిమీద పాలు పెట్టి ఆలోచిస్తూ నిలబడితే ఇంకో గిన్నె మాడిపోయింది. భర్త ఫణి అది చూసి, “చెరిపేస్తే పోయే గొడవకు ఇన్ని గిన్నెలు మాడాలా?” అన్నాడు. చుర్రుమనే జవాబు ఒకటి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని అక్కడే ఆపి, ఒకసారి చూసుకుని, మింగేసింది. ఆ వెసులుబాటు తనకుంది. నోరున్న ప్రతివాళ్లకీ ఉంది. నూకరత్నానికి లేకుండా చెయ్యబోయాం కదా అనిపించి, మాడిన గిన్నె తోముతూ ఆమె మళ్లీ ఆ ప్రోగ్రాములోకే వెళ్లిపోయింది.

అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది ఒకటే. మాటను చేతిలోకి తీసుకుని ఉన్నప్పుడు కంప్యూటరు ఆగిపోతే? ఉత్తుత్తి సందేశాలతో వందరకాలుగా పరీక్షించింది. చివరికి ఒకరోజు డాక్టరుగారిని పిలిచి, “తీగ పీకండి సర్” అంది. ఆయన భయపడుతూనే పీకారు. తెర నల్లబడింది. మళ్లీ వెలిగించి చూస్తే, చేతిలో ఉన్న సందేశం దాని చోట్లో అది కూర్చుని ఉంది. ముందుదానికి వెనకాల, వెనకదానికి ముందు.

యజ్ఞేశ్వరరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “దీన్ని రాసినవాళ్లెవరో కానీ, మనుషుల సంగతి ఎరిగినవాళ్లమ్మా” అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, “నువ్వు కూడా” అన్నారు. ఇందుమతి తల వంచుకుని తీగ సరిచేసింది. ఆయన మెచ్చుకోవడం ఆమె ఎరగదు.

* * *

రెండు ప్రోగ్రాములూ సిద్ధమైన రోజు పొద్దున నూకరత్నం గదిలో లోవలక్ష్మి, డాక్టరుగారు, ఇందుమతి ఉన్నారు. ధనరాజు లోపలికి రానన్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

ముందు కొత్త వరుస తెరిచారు. పెట్టె చిన్నగా గరగరలాడింది. తర్వాత హార్బర్లో అందరూ ఎరిగిన ఆ గొంతే, కాస్త గీరుకుపోయినట్టుగా, గదిలో పలికింది.

“ఆ ఫేను తగ్గించండి. ఇన్నాళ్లూ చలేసి చచ్చాను.”

లోవలక్ష్మి ఫ్యాను ఆపడానికి లేచి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి అలాగే భోరుమంది. డాక్టరుగారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఇందుమతి తన వంతుగా మంచం దగ్గర వంగి, “మీ మాట ఒకటి నేను పొరపాటున వినేశానండి. అది పోయింది, తిరిగి రాదు. ఈగ గురించిది. నన్ను క్షమించండి” అంది.

“పోనీలెండి” అంది నూకరత్నం. “ఈగలు ఇంకా ఉన్నాయిగా.”

తర్వాత పాత వరుస. అక్కణ్ణుంచి గదిలో చప్పుడు లేదు. నూకరత్నం ఒక్కతే వింటోంది. తెర మీద అంకె తగ్గుతుంటే మిగతావాళ్లు చూస్తున్నారు, అంతే. చాలావాటిని ఆవిడ పారేసింది. దాహం, దురద, దిండు, దోమ అయి ఉంటాయని ఇందుమతి అనుకుంది. కొన్నింటి దగ్గర ఆవిడ కళ్లలో నవ్వు మెరిసింది, అవీ పారేసింది. కొన్నింటిని ఎవరికీ ఇవ్వకుండా వాటి చోట్లలోనే ఉంచుకుంది. ఉన్నట్టుండి ఒకదాన్ని వదిలింది. పెట్టె పలికింది: “లోవా, ఆ జడ ఏంటే అలాగ? బిగించి అల్లుకో. పదిమందిలోకి ఎల్లేదానివి.” ఎప్పటి జడో అది. లోవలక్ష్మి ఏడుస్తూనే నవ్వుతూ జడ ముందుకు లాక్కుని విప్పి మళ్లీ అల్లుకోవడం మొదలుపెట్టింది.

ఎంతసేపు గడిచిందో ఎవరూ చూసుకోలేదు. ఒకచోట వరుస ఆగింది. తెర మీద సందేశం తేదీ మాత్రమే కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. అది ధనరాజు చెప్పిన రోజు తేదీ. ఆ రోజుకు అదొక్కటే.

నూకరత్నం చెవిలో అది ఒకసారి పలికింది. రెండోసారి పలికింది. ఆవిడ పైకీ చూడలేదు, పక్కకూ చూడలేదు. కళ్లు మూసుకుంది. చూపు ఎటూ తిరగలేదు కనుక ఆ మాట నెమ్మదిగా తన చోటికి తాను వెళ్లిపోయింది.

“మా ఆయన్ని పిలవండి” అంది పెట్టె.

ధనరాజు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆ గొంతు విని అతని ముఖం ఎలాగో అయిపోయింది. లోవలక్ష్మి చెయ్యి పట్టి తీసుకొచ్చి మంచం పక్కన కూర్చోబెట్టింది.

“రత్నం” అన్నాడు. తువ్వాలు మెలిపెడుతూ, “ఆ రోజు నేనన్నది ఇన్నావా?” అన్నాడు.

“ఇన్నాను.”

“నువ్వేదో అన్నావు కదా అప్పుడు. అంకె పెరిగిందని నాకు తెలుసు, ఈ మేడంగారు సెప్పకపోయినా తెలుసు. తిట్టావా? తిడితే తిట్టినట్టే ఇనిపించు రత్నం. ఇనకుండా నేనుండలేను.”

ఇందుమతి చెయ్యి తనకు తెలియకుండానే కీబోర్డు మీంచి వెనక్కి వచ్చింది. తనవల్ల కావలసింది ఇక ఇక్కడ ఏమీ లేదు. ఆ మాటను బయటికి లాగగలిగే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారిప్పుడు. అందుకే కదా ఇంత చాకిరీ చేసింది, అనుకుంది. అనుకున్నా భయం పోలేదు.

నూకరత్నం కళ్లు తెరిచి భర్తను చూసింది.

“పాతది ఎందుకయ్యా. నోరొచ్చింది కదా, నేనే సెప్తాను” అంది. “నువ్వు ఏడుసుకుంటా, దీన్ని తీసుకుపో దేవుడా అన్నావు. నేనూ అదే అన్నాను. నన్ను తీసుకుపో, ఈడి కష్టం సూళ్లేను అన్నాను. ఇద్దరం ఒక్కసారే అడిగాం.”

ధనరాజు ఆమె పాదం పట్టుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తువ్వాలు తీసి, “ఇన్లేదు కదే ఆ మహానుభావుడు” అన్నాడు.

“ఇనకపోడమే మంచిదయింది” అంది నూకరత్నం. ఆ మాట ఎక్కడా ఆగకుండా నేరుగా అతని దగ్గరికి వచ్చింది.